గుడ్డ కింద బేరం

పెద్దాయన తన మనుషులకు పని అప్పజెప్పే ముందు వాళ్ళ నోట్లో దూది కుక్కుతాడు.

పైకి ఆయన పళ్ళ డాక్టరు. వీధి వైపు బోర్డు, లోపల వాలుకుర్చీ, గోడ మీద దవడ బొమ్మ, అన్నీ ఉన్నాయి. దొంగ డాక్టరు కూడా కాదు. గూఢచారి శాఖలోకి రాకముందు ఆ చదువే చదివాడు. ఏజెంటు వచ్చి కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరుస్తాడు. ఆయన దూది పెడతాడు. బ్రీఫింగ్ మొదలవుతుంది. కాదనడానికి గానీ, ఎందుకని అడగడానికి గానీ, బతిమాలుకోవడానికి గానీ అవతలివాడికి నోరుండదు. ఏ దేశపు సీక్రెట్ సర్వీసులోనూ ఇంత క్రమశిక్షణ లేదని ఆయన గర్వం.

ఆ ఉదయం కుర్చీలో పడుకున్నవాణ్ణి పాత వీధిలో అందరూ మెతక అంటారు. ఏడాదిగా అక్కడ పాత దీపాలు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు. కోపం రాదు, గొంతు లేవదు, ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు, అందుకని ఆ పేరు. ఆఫీసు ఫైల్లో అతని గురించి రాసి ఉన్నది చదివితే ఆ వీధి మొత్తం కొట్లు కట్టేసి పారిపోతుంది.

"మీ చెల్లెలి సంగతి" అన్నాడు పెద్దాయన, డ్రిల్లు చేతిలోకి తీసుకుంటూ.

మెతక కుర్చీలోంచి లేవబోయాడు. చెల్లెలు శత్రుదేశపు రాజధానిలో ఉంది. ఒక అపార్ట్‌మెంట్లో ఉంటూ, పిల్లలకు వయొలిన్ నేర్పుతూ, మెట్ల మీద ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో గమనించి వారానికోసారి రేడియోలో చెబుతుంది. ఆ ఉద్యోగంలో పెట్టింది అతనే. ఇంట్లో ఊరికే కూర్చోవడం దేనికి, దేశానికి పనికొస్తావు కదా అన్నాడు. అన్నయ్య చెప్పాడు కాబట్టి మంచిదే అయి ఉంటుందని ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళింది. అతనికి ఈ లోకంలో మిగిలిన మనిషి ఆమె ఒక్కతే.

పెద్దాయన డ్రిల్లు ఆడిస్తూ, మధ్య మధ్య నీళ్ళు చిమ్ముతూ విషయం చెప్పాడు. ఆమె ఉండేది 314. పక్క తలుపు 315లో పిల్లులకు పాలు పోసే రిటైర్డ్ పెద్దమనిషి ఒకడున్నాడు. వాడే మన మనుషుల్ని వరసపెట్టి చంపిస్తున్న ముఠాకి డైరెక్టరు. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిస్తే పలకరింపులో తేడా వస్తుందని ఆఫీసు చెప్పలేదు. ఇప్పుడు ఆ బిల్డింగులో మన కన్ను ఒకటుందని ముఠా పసిగట్టింది. ఏ తలుపు వెనక ఉందో మన మంత్రిత్వ శాఖలోనే ఒక ద్రోహి అమ్మేశాడు. ఆ తలుపు నంబరు ఈ సాయంత్రం ఇక్కణ్ణుంచి చేతులు మారుతుంది. అక్కడ బయటి ఊరి నుంచి తెప్పించిన కిరాయి హంతకులు కాచుకుని ఉన్నారు. వాళ్ళకు డైరెక్టరెవరో తెలియదు, మొహమూ తెలియదు. నంబరు అందగానే వెళ్ళి తలుపు తట్టడం, తీసినవాళ్ళను కాల్చడం, మెట్లు దిగిపోవడం, అంతే వాళ్ళ పని. చెల్లెల్ని హెచ్చరించే దారి లేదు. ఆమె రేడియో తెరిచే రోజు ఇంకా రాలేదు. మనిషిని పంపితే వాడే వాళ్ళకు తలుపు చూపించినట్టవుతుంది.

మెతక గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పెద్దాయన ఇంకొంచెం దూది పెట్టాడు.

నంబరు చేతులు మారేది పాత వీధిలోనే. అక్కడ ఖరీదైన సరుకు బేరం నోటితో జరగదు. అమ్మేవాళ్ళు ఒక పక్క, కొనేవాళ్ళు ఒక పక్క, మధ్యలో దలాలు కూర్చుంటాడు. ముగ్గురి మోకాళ్ళ మీదా నల్లటి మందపు గుడ్డ కప్పుతారు. అమ్మేవాళ్ళు దలాలు చేతిని పట్టుకుని వేళ్ళు నొక్కి ధర చెబుతారు. ముందు వందలు, తరువాత పదులు, ఆఖరున ఒకట్లు. దలాలు అదే ధరను కొనేవాళ్ళ చేతిలో చెబుతాడు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకరినొకరు ముట్టుకోరు. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మైకులకు వినపడదు, కెమెరాలకు కనపడదు. మన టెక్నికల్ విభాగం వాళ్ళు రెండేళ్ళు జుట్టు పీక్కుని ఊరుకున్నారు.

ద్రోహి దగ్గర నంబరు తీసుకుని ముఠాకి అమ్మే ఆవిణ్ణి వీధిలో పింగాణీ అంటారు. పింగాణీ కూజాల షాపు ఆమెది, పోతపోసినట్టుండే అందం కూడా ఆమెదే. నల్ల పట్టు గౌను, మోచేతుల దాకా తెల్లటి గ్లవ్స్. పదేళ్ళుగా ముఠాకి పనిచేస్తోంది, రెండేళ్ళుగా మనకూ పనిచేస్తోంది. ఈ కబురు ఇచ్చిందీ ఆమే, ఉపాయం చెప్పిందీ ఆమే. తాను నంబరు తప్పు చెబితే ముఠా తన గొంతు కోస్తుంది, కాబట్టి ఒక కూజా ధరగా 314 అనే చెబుతుంది. మధ్యలో దలాలు చెయ్యి ఒక్కటి కలిపి 315 చేస్తే చాలు. హంతకులు పోయి సొంత డైరెక్టరు తలుపే తడతారు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. తప్పు దలాలు నెత్తిన పడుతుంది.

"ఇక ఆ ముసలి దలాలు" అన్నాడు పెద్దాయన. "వాడు నంబరు మార్చడు. డబ్బిస్తే ఉమ్మేస్తాడు. జ్వరమొస్తే కంబళి కప్పుకుని వచ్చి కూర్చుంటాడు. చస్తే వీధి మూసేస్తారు, బేరం ఇంకో చోటికి పోతుంది. కాబట్టి చావకూడదు. కుడి చెయ్యి పనికిరాకుండా పోవాలి. అప్పుడు శిష్యుడు కూర్చుంటాడు. శిష్యుడివి నువ్వే కదా."

చెప్పడం అయిపోయాక దూది తీశాడు. కుడి దవడ పన్నులో కొత్త రిసీవర్ అమర్చానని, తన మాట ఇక ఎముకలోంచే వినపడుతుందని చెప్పాడు. వినడానికే, జవాబివ్వడానికి వీల్లేదు. ఆయన తయారుచేసే పరికరాలన్నీ అంతే.

*

పాత వీధి పగలు కునుకుతుంది, పొద్దువాలాక లేస్తుంది. రాళ్ళు పరిచిన సన్నటి దారి, రెండు పక్కలా చెక్క కొట్లు. అరుగుల మీద గడియారాలు, కత్తులు, పగుళ్ళు పట్టిన అద్దాలు, ఎవరి తాతలో తెలియని తాతల ఫోటోలు. ప్రతి వస్తువూ మూడు వందల ఏళ్ళ నాటిదే. పోయిన నెల తయారైనవాటికి కొట్టువాళ్ళు ఇంకో వందేళ్ళు కలిపి చెబుతారు. మధ్యాహ్నం వేళ ఆ వీధిలో తుడిచేవాళ్ళు, తోపుడుబళ్ళు కడుక్కునేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

ముసలి దలాలు ఇల్లు ఆయన కొట్టు వెనకే. మెతక ఆయన్ని బాబాయ్ అంటాడు, ఆయన భార్యను పిన్ని అంటాడు. వరస కలుపుకున్నది ఆఫీసు ఆర్డరు మీదే. కానీ ఆర్డరులో లేనిది కొంత తరువాత వచ్చి చేరింది. పిల్లల్లేని ఇల్లది. పిన్ని అతను తినేటప్పుడు ఎదురుగా కూర్చుని, చాలని చేయి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేసేది. బాబాయ్ రోజూ సాయంత్రం గుడ్డ కప్పి అతని చేతికి పట్లన్నీ నేర్పాడు. చూపుడువేలు పడితే ఎంత, పిడికిలి మొత్తం పడితే ఎంత, బొటనవేలు ఎప్పుడు కలవాలి, అన్నీ. చెయ్యి అబద్ధం చెప్పదురా, మొహం చెబుతుంది, నోరు చెబుతుంది, చెయ్యి మాత్రం చెప్పలేదు అనేవాడు. మరి దలాలుకు ఏం గిడుతుంది, ఎవరిస్తారు అని మెతక ఒకసారి అడిగాడు. అది నువ్వు నిజంగా కూర్చునే రోజున చెబుతాను, అది గురువు ఆఖరున చెప్పే మాట అన్నాడు బాబాయ్.

ఆ మధ్యాహ్నం పిన్ని వడ్డించింది. మెతక తిన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని లోకం తిడుతుంది. ఇతను లెక్కపెట్టడంతో ఆగేవాడు కాదు. తిని చేతులు కడుక్కున్నాడు.

కొట్టులో ఇనప పట్టీల భోషాణం ఒకటుంది. దాని మూత ఇద్దరు మనుషులు లేపాలి. లేపాక ఊతకర్ర పెట్టి నిలబెడతారు. అడుగున దొంగ అర ఒకటుందట కదా, ఎలా తెరుచుకుంటుందో చూపించండి బాబాయ్ అని అడిగాడు మెతక. అతను ఏదడిగినా ముసలాయనకు సంబరమే. వంగి, కుడి చెయ్యి అంచు మీద ఆనించి, ఎడమ చేత్తో అడుగున తడుముతూ ఏదో చెబుతున్నాడు.

మెతక చెల్లెల్ని తలుచుకున్నాడు. తలుచుకుని, పాదంతో ఊతకర్రను తన్నాడు.

ఆ శబ్దం వంటింట్లోకి కూడా వినపడింది. పిన్ని చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. మూత లేపేటప్పటికి ముసలాయన మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. వేళ్ళు ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉన్నాయి. ఆయన మొదట అడిగిన మాట: "నీ చేతికేం కాలేదు కదరా?"

మెతకకు ఏడుపొచ్చింది. అది నిజమైన ఏడుపే. వీధివాళ్ళు దాన్ని చూసి, మెతక మనసు ఎంత మెత్తనిదో అని తామూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆసుపత్రిలో బల్ల మీద పడుకోబెట్టాక కూడా బాబాయ్‌కి బేరం బెంగే. సాయంత్రం పింగాణీ షాపులో పెద్ద కూజా బేరముంది, మాట ఇచ్చాను, నువ్వు కూర్చో అన్నాడు. మెతక తల ఊపాడు. పళ్ళు గిట్టకరిచి, చెమటలు కక్కుతూ, ఆయన మళ్ళీ మాట్లాడబోయాడు.

"దగ్గరికి రారా. ఇంకొక్క మాట మిగిలింది. కూర్చునే ముందు నీకు..."

అంతలో డాక్టరు ఎముక సరిచేయడానికి చెయ్యి ముట్టుకున్నాడు. ముసలాయన పెట్టిన కేక విని మెతక తట్టుకోలేకపోయాడు. మాటలు తరువాత చెప్పుకోవచ్చు, ముందు మత్తు ఇవ్వండి అని నర్సును కసిరాడు. అంత గట్టిగా అతను మాట్లాడటం వీధివాళ్ళెవరూ వినలేదు. నర్సు సూది వేసింది. బాబాయ్ పెదవులు ఆ మాట కోసం కాసేపు కదిలి, ఆగిపోయాయి.

ఆ రోజు మొత్తం మీద మెతక జాలిపడి చేసిన పని అదొక్కటే. దాని ఫలితం ఆ తరువాత తెలిసింది.

*

దీపాలు వెలిగేసరికి వీధి కిటకిటలాడుతోంది. పెనాల మీద నూనె చిటపటలాడుతోంది, పుల్లకు గుచ్చిన మాంసం బొగ్గుల మీద కాలుతోంది, టూరిస్టులు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పాత వస్తువులను తిరగేస్తున్నారు. మెతక గురువుగారి నల్ల కోటు వేసుకుని, నల్ల గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని పింగాణీ షాపుకు వచ్చాడు. కళ్ళజోడులో కెమెరా ఉంది, జేబులో తుపాకి పేలే పెన్నుంది. గుడ్డ కింద రెండూ దండగే.

కొనే మనిషి వీల్‌చైర్లో వచ్చాడు. తెల్లటి గడ్డం, వణికే తల, కాళ్ళ మీద కంబళి, వెనక కుర్చీ తోసే లావుపాటి నర్సు. ఆ నర్సు చంక దగ్గర గౌను ఉబ్బెత్తుగా ఉంది. కూజాను అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి మూత ఉండేదా అని అడిగాడు. ఉండేది, వరదలో పోయింది అంది పింగాణీ. వరదలో పోయినవి మా ఊళ్ళో తేలతాయి అన్నాడు అతను. కోడ్ సరిపోయింది.

"కూర్చో. తొందర పడకు" అన్నాడు పెద్దాయన, మెతక పన్నులోంచి.

పాత దలాలు చెయ్యి నలిగిపోయిందని, ఇతను ఆయన శిష్యుడని పింగాణీ పరిచయం చేసింది. వీల్‌చైర్ మనిషి అయ్యో అన్నాడు. ముగ్గురూ కూర్చున్నారు. మెతక గుడ్డ పరిచాడు. చుట్టూ జనం మూగారు. ఆ వీధిలో గుడ్డ బేరం చూడటం కూడా టూరిస్టులకు ఒక వేడుక.

పింగాణీ కుడి గ్లవ్ తీసి గుడ్డ కింద చెయ్యి పెట్టింది. చల్లటి చెయ్యి. మూడు, ఒకటి, నాలుగు. ఆ నాలుగు వేళ్ళూ నొక్కినప్పుడు మెతకకు చెల్లెలు తలుపు తీస్తున్నట్టే అనిపించింది. ఆ చెయ్యి వదిలి, కొనే మనిషి చెయ్యి అందుకున్నాడు. ముసలివాడి చెయ్యి కాదది. గట్టి అరచెయ్యి, చూపుడువేలికి తుపాకి పట్టి పట్టి కాసిన కాయ. మూడు చెప్పాడు, ఒకటి చెప్పాడు. ఆఖరున నాలుగు చెప్పాల్సిన చోట పిడికిలి మొత్తం పట్టాడు. ఐదు.

అయిపోయింది. ఇంత చిన్న పని కోసమా ఆ చెయ్యి నలిపింది అనుకున్నాడు.

"శభాష్. ఇక లే" అంది పన్ను.

అప్పుడు కొనే మనిషి ఒక పని చేశాడు. మెతక చిటికెనవేలును పట్టుకుని అతని అరచేతిలోకే మడిచి, పైన రెండుసార్లు తట్టాడు. బాబాయ్ నేర్పిన పట్లలో అది లేదు. మెతక మొహంలో అయోమయం చూసి తెల్లగడ్డం కింద నవ్వు మెదిలింది. ముందుకు వంగి, అతనికి మాత్రమే వినపడేలా అన్నాడు: "కొత్తవాడివా? అది నీ దలాలీ. చెప్పిన ధరలోంచి ఒకటి తీసేశాను. అసలు ధర నాకు తెలిసిపోయిందిలే."

బాబాయ్ చెప్పబోయిన మాట ఇదీ. దలాలు ఎప్పుడూ తన వంతుగా ఒకటి కలిపే చెబుతాడు. కొనేవాడు ఆ ఒకటీ తీసేసుకుంటాడు. ఐదు అంటే నాలుగు. 315 అంటే 314. ముసలాయన తానే కూర్చున్నా నంబరు వెళ్ళేది అదే తలుపుకు, ఇప్పుడు వెళుతున్నదీ అదే తలుపుకు. ఏ పని ఆగాలని ఆయన చెయ్యి విరగ్గొట్టాడో ఆ పనినే తన చేత్తో పూర్తిచేశాడు.

తల తిప్పి పింగాణీ వైపు చూశాడు. పదేళ్ళుగా ఆ వీధిలో అమ్ముతున్న మనిషి. ఈ లెక్క ఆమెకు తెలియకపోవడమేమిటి? ఒక్కటి కలిపితే చాలని ఆఫీసుకు చెప్పింది ఆమే. ముఠాకి సరైన నంబరు అందుతుంది, ముఠా డబ్బిస్తుంది. మన ఆఫీసు తన మనిషే తడబడ్డాడనుకుని ఆమెకూ డబ్బిస్తుంది. ఆమె విసనకర్ర విప్పి దాని మీద బొమ్మలు చూసుకుంటోంది.

నర్సు కుర్చీ వెనక్కి లాగబోయింది. గుడ్డ ఇంకా తీయలేదు. గుడ్డ తీసేదాకా బేరం తెగినట్టు కాదు.

"అయ్యగారూ, తప్పయిపోయింది" అన్నాడు మెతక, తన మెతక గొంతుతోనే. "దలాలీ కలపాలని నాకు తెలియదు. నేను చెప్పింది ఆవిడ చెప్పిన ధరే. తీసేసిన ఒకటీ మళ్ళీ కలుపుకోండి."

వీల్‌చైర్ తల వణకడం ఆగింది. కళ్ళు మాత్రం కదిలాయి, మెతక నుంచి పింగాణీకి. దలాలు మాట మారిస్తే అమ్మేవాళ్ళు అందరి ముందూ తల ఊపాలి. ఆ నియమం జనానికి కూడా తెలుసు, వాళ్ళూ ఆమె వైపే తిరిగారు. ఆమె తల అడ్డంగా ఆడిస్తే అక్కడ ఒక అమ్మాయి చచ్చిపోతుంది.

"ఇంకోసారి అడిగి చూస్తాను" అని మెతక గుడ్డ కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పిడికిలి మొత్తం నొక్కి ఐదు అని చెప్పాడు. ఆమె చెయ్యి కదలలేదు. ఆమె చిరునవ్వు కూడా కదలలేదు. అతను ఆమె చిటికెనవేలును విడిగా తీసి వెనక్కి వంచాడు. కొంచెం, ఇంకొంచెం. ఆమె విసనకర్ర ఊపడం ఆపింది. పై పెదవి మీద చెమట పట్టింది. అరిస్తే ముందు అనుమానం ఆమె మీదే, నర్సు చంకలో ఉన్నది ముందు పేలేది ఆమె మీదే. అది ఇద్దరికీ తెలుసు. పన్నులోంచి పెద్దాయన ఏం జరుగుతోంది, ఏం జరుగుతోంది అని గొణుగుతున్నాడు. గుడ్డ కింద జరిగేదేదీ ఆయనకు కనపడదు.

వేలు విరిగింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు, అది కూడా పెనాల చిటపటలో కలిసిపోయింది. మెతక రెండో వేలు పట్టుకున్నాడు.

పింగాణీ తల ఊపింది. నిదానంగా, హుందాగా, ఊపింది. "అవును. కుర్రాడు కొత్త. నేను చెప్పింది అదే" అంది.

వీల్‌చైర్ మనిషి ఆమె కళ్ళలో నిండిన నీళ్ళు చూశాడు. ఇష్టమైన కూజా పోతోందని బాధ కాబోలు అని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకున్నారు, అతనూ అలాగే అనుకున్నట్టున్నాడు. మెతక గుడ్డ తీసేశాడు. అప్పటికే ఆమె గ్లవ్ తొడుక్కుంటోంది. ఒక వేలు దగ్గర మాత్రం అది ఎక్కలేదు, ఎక్కించింది. జనం చప్పట్లు కొట్టారు. కుర్చీ చక్రాలు రాళ్ళ మీద గడగడలాడుతూ టెలిఫోను బూత్ వైపు పోయాయి.

*

తెల్లవారాక పెద్దాయన పన్నులోంచే వార్త చెప్పాడు. అక్కడ 315 బెల్లు మోగింది. పెద్దమనిషి పిల్లి వచ్చిందనుకున్నాడో ఏమో, పాలగిన్నెతోనే తలుపు తీశాడట. ఇప్పుడు ముఠాలో వాళ్ళు నువ్వంటే నువ్వని ఒకర్నొకరు కాల్చుకుంటున్నారు. పింగాణీ మోసం సంగతి కూడా ఆయన ఊహించాడు. అయినా ఆమెను ఏమీ చేయవద్దన్నాడు. అంత బాగా అబద్ధమాడే మనిషి మళ్ళీ దొరకదు, జీతం పెంచుతున్నానన్నాడు. మెతకను మధ్యాహ్నంలోగా వీధి వదిలి రమ్మన్నాడు.

చెల్లెలు బతికింది. మెతకకు ఒక్కసారిగా ఆకలేసింది. ఆకలేసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

వెళ్ళేముందు ఆసుపత్రికి వెళ్ళాడు. వెళ్ళకపోతే అనుమానిస్తారని తనకు తాను చెప్పుకున్నాడు. బాబాయ్ కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. ఆ వేళ్ళు ఇక దేన్నీ పట్టుకోలేవని డాక్టరు చెప్పేశాడట. అయినా అతన్ని చూడగానే ముసలాయన మొహం విప్పారింది. బేరం బాగా తెగిందని వీధివాళ్ళు వచ్చి చెప్పారట. దలాలీ తీసుకోలేదటగా పిచ్చివాడా, ఆ మాట చెప్పకుండానే మత్తులో పడిపోయాను, తప్పు నాదే అన్నాడు. ఇలా ఇవ్వు చెయ్యి, ఇప్పుడైనా నేర్పుతాను అని ఎడమ చెయ్యి చాపాడు.

మెతక చెయ్యి ఇచ్చాడు. బాబాయ్ ఎడమ చేత్తో తడబడుతూ ఒక వేలు నొక్కి చూపించాడు. ఇదీ మన వంతు, ఎంత పెద్ద బేరమైనా ఒక్కటే, అంతకు మించి ఆశపడకూడదు అన్నాడు. తరువాత చెయ్యి వదలకుండానే, మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఆ ఊతకర్ర ఎలా పడిందిరా?"

జారిపోయింది బాబాయ్, నేను పట్టుకునేలోపే జారిపోయింది అన్నాడు మెతక. గొంతు వణకలేదు. కళ్ళు తిప్పుకోలేదు. ఏ ట్రైనింగు స్కూల్లోనూ అంత చక్కని అబద్ధం చెప్పినవాడు లేడు.

ముసలాయన అతని మొహం వైపు చూడటం లేదు. అతని చేతి వైపే చూస్తున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తరువాత దాన్ని తీసుకెళ్ళి మెతక ఒళ్ళో పెట్టి వదిలేశాడు.

అప్పుడే పిన్ని క్యారియర్ తీసుకుని వచ్చింది. నువ్వు కూడా తినలేదు కదా నాయనా అంటూ రెండు గిన్నెలు తీసింది. బాబాయ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ రెండోది మూసెయ్యి" అన్నాడు. "వారికి పనుందట. వారిని వెళ్ళనివ్వు."

పిన్నికి అర్థం కాలేదు. గిన్నె చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మెతక లేచి, వెళ్ళొస్తానని కూడా అనకుండా బయటికి నడిచాడు. శత్రువుల చేతుల్లో దెబ్బలు తిన్న మనిషే, తుపాకి గుండ్లు కూడా తిన్నాడు. ఏదీ ఇంతగా తగలలేదు.

వారం తిరిగాక చెల్లెలి రేడియో తెరుచుకుంది. పక్కింటి పెద్దమనిషిని ఎవరో అన్యాయంగా చంపేశారని, తన వయొలిన్ విని ఎప్పుడూ మెచ్చుకునేవాడని, ఆయన పిల్లులు తన గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాయని, ఈ చోటు ఏమంత భద్రంగా లేదు కాబట్టి ఇల్లు మారమంటారా అని కోడ్‌లో అడిగింది. మెతక వెంటనే మారమని చెప్పండి అనబోయాడు గానీ, అప్పటికే పెద్దాయన జవాబు పంపేశాడు: మారవద్దు, ఆ ఏరియాలో అంత తక్కువ అద్దెకు ఇంకోటి దొరకదు.